అక్కకు చెప్పని కృతజ్ఞత

(బళ్ళారి బ్రూస్‌పేటలో జరిగిన యువజనుల కృతజ్ఞతా కూడికలో ఒక విద్యార్థి చేసిన ప్రసంగం)



డిగ్రీ పూర్తయింది, లా చదవడానికి హుబ్బళ్ళి వెళ్తున్నావు కదా, వెళ్ళేముందు నాలుగు మాటలు కృతజ్ఞతగా చెప్పు అని పెద్దలు అడిగారు. ఇదే చోట నిలబడి నేను ఇంతకుముందు రెండుసార్లు కృతజ్ఞత చెప్పాను. ఎస్సెస్సెల్సీ పాసైనప్పుడు ఒకసారి, పీయూసీ పాసైనప్పుడు ఒకసారి. రెండుసార్లూ దేవునికి స్తోత్రం చెప్పాను. పాస్టరుగారికి, సండే స్కూలు టీచర్లకు, నాకు కన్నడ నేర్పిన మేష్టర్లకు, ఫీజుకు సాయం చేసినవాళ్ళకు పేరుపేరునా వందనాలు చెప్పాను. అమ్మానాయనల పేర్లు చెప్పాను. మీరంతా చప్పట్లు కొట్టారు.

ఆ రెండుసార్లూ ఒక పేరు వదిలేశాను. అది మా అక్క పేరు. మరచిపోయి కాదు, అసలు చెప్పాలని తోచలేదు. ఈ రోజు నా ప్రసంగమంతా ఆ ఒక్క విషయం గురించే.

మన ఇళ్ళలో ఒక అలవాటుంది. బయటివాళ్ళకు థాంక్స్ చెప్తాం. దేవునికి స్తోత్రం చెప్తాం. ఇంట్లోవాళ్ళకు ఏమీ చెప్పం. కంచంలో అన్నం పెట్టిన చేతికి థాంక్స్ అంటే, 'ఏంరా, పరాయివాడిలా మాట్లాడుతున్నావు' అంటారు. అందులో ప్రేమ ఉంది, కాదనను. కానీ ఆ ప్రేమ చాటున కొందరి కష్టం లెక్కలోకి రాకుండా పోతుంది.

2011లో నేను ఐదో తరగతి, అక్క ఎనిమిదో తరగతి. నాయన సండూరు గనుల నుంచి ఇనుప ఖనిజం తోలే లారీకి డ్రైవరు. ఆ ఏడాది జూలైలో లోకాయుక్త జస్టిస్ సంతోష్ హెగ్డే అక్రమ గనుల మీద నివేదిక ఇచ్చారు. జూలై 29న సుప్రీంకోర్టు బళ్ళారి జిల్లాలో తవ్వకాలు ఆపమని ఆదేశించింది. ఆ ఆదేశం న్యాయమైనదే. కొండలు కరిగిపోయాయి, పొలాల మీద ఎర్రటి దుమ్ము పేరుకుంది, ఊళ్ళవాళ్ళు ఆ గాలే పీల్చారు. ఆపాల్సిందే. కానీ తిన్నది ఎవరో, దాని బాకీ తీర్చింది ఎవరో చూడండి. కోట్లు సంపాదించినవాళ్ళ పిల్లలు బడి మానలేదు. లారీలు ఆగాయి, మా ఇంట్లో పొయ్యి ఆగింది. 2013లో కొన్ని గనులు మళ్ళీ తెరుచుకోవడానికి కోర్టు ఒప్పుకునే నాటికి మా ఇంట్లో జరగాల్సింది జరిగిపోయింది.

మన బళ్ళారిలో జీన్స్ పని ఉంది కదా. అమ్మ ఇంటికి తెచ్చుకుని కుట్టేది. నాయన పని పోయాక ఒక మిషను చాలలేదు. అక్క మొదట దారాలు కత్తిరించింది. తర్వాత జేబులు కుట్టింది. కొన్నాళ్ళకు బడికి పోవడం మానేసింది. అప్పుడు ఆమె వయసు పదమూడు. ఆ ప్యాంటు గుడ్డ రంగు వేళ్ళకు అంటుకుంటే సబ్బుకు వదలదు. నా పుస్తకాలకు అట్టలు వేసేది అక్కే. నా పాత కన్నడ నోటుబుక్కుల మీద ఆ నీలం వేలిముద్రలు ఇప్పటికీ ఉన్నాయి.

మా ఇంట్లో అందరం ఒక మాట అనుకునేవాళ్ళం: 'దానికి చదువు అబ్బలేదు.' చుట్టాలు అడిగితే అదే చెప్పాం. ఆదోని నుంచి మేనత్త వచ్చి అడిగినా అదే చెప్పాం. చెప్పీ చెప్పీ నేను నమ్మేశాను కూడా.

పోయిన నెల హుబ్బళ్ళిలో సీటు వచ్చిందని తెలిసిన రాత్రి అక్క ఇంకా మిషను మీదే ఉంది. పక్కన కూర్చుని అడిగాను. 'అక్కా, బడి మానేసినప్పుడు నీకు బాధ అనిపించలేదా?'

మిషను ఆపింది. 'ఇప్పుడు అడుగుతున్నావా?' అంది.

కాసేపు ఊరకే ఉండి మళ్ళీ అంది: 'ఏడో తరగతిలో లెక్కల్లో బడి మొత్తానికీ నాకే ఎక్కువ మార్కులు వచ్చాయిరా. నీకు తెలీదులే, చిన్నోడివి.' మళ్ళీ కుట్టడం మొదలుపెట్టింది.

నాకు నిజంగా తెలీదు. పదకొండేళ్ళు ఒకే గదిలో ఉండి తెలుసుకోలేదు. చదువు అబ్బనిది అక్కకు కాదు. ఇద్దరిలో ఒకరినే చదివించగలం అన్న రోజు వచ్చింది, ఆ ఒకరు మగపిల్లవాడు అయ్యాడు, అంతే. దీన్ని అమ్మానాయనల మీద నేరంగా చెప్పడం లేదు. వాళ్ళు ఇక్కడే కూర్చున్నారు. నిన్న రాత్రి వాళ్ళతో మాట్లాడాకే, అక్క ఒప్పుకున్నాకే ఇది చెప్తున్నాను. అబద్ధం మీద కృతజ్ఞత నిలవదు కాబట్టి చెప్తున్నాను.

కృతజ్ఞత కూడిక అంటే మనం పదిమంది కుష్ఠరోగుల కథ చెప్పుకుంటాం. ఈ రోజు నేను ఒక అక్కాతమ్ముళ్ళ కథ గుర్తు చేస్తాను. నిర్గమకాండము రెండో అధ్యాయంలో పసివాడైన మోషేను జమ్ము పెట్టెలో పెట్టి ఏటి ఒడ్డున వదిలారు. వాడికి ఏమవుతుందో చూడటానికి దూరంగా నిలబడింది ఎవరు? అక్క. ఫరో కుమార్తె దగ్గరికి ధైర్యంగా వెళ్ళి, పాలిచ్చే దాదిని పిలుచుకు రమ్మంటారా అని అడిగింది ఎవరు? ఆ పిల్లే. ఆమె తెలివి వల్ల బిడ్డ బతికాడు, తల్లి ఒడికే చేరాడు. పైగా సొంత బిడ్డకు పాలిచ్చినందుకు ఆ తల్లికి కూలి కూడా దక్కింది. తర్వాత మోషే రాజభవనంలో పెరిగాడు. ఆ అక్క ఇటుకల పని చేసే తన జనం మధ్యే ఉండిపోయింది. ఆ అధ్యాయంలో ఆమె పేరు కూడా ఉండదు.

మరి దేవుడు ఆమెను మరచిపోయాడా? మీకా గ్రంథం ఆరో అధ్యాయం ఎనిమిదో వచనం మనవాళ్ళందరికీ కంఠతా వచ్చు. న్యాయంగా నడుచుకోవడం, కనికరాన్ని ప్రేమించడం, దీనమనసుతో దేవుని వెంట నడవడం గురించి చెప్పే వచనం అది. మన సంఘాల బ్యానర్ల మీద రాసుకుంటాం. కానీ దానికి నాలుగు వచనాలు పైన చూడండి. ఐగుప్తు నుంచి మిమ్మల్ని విడిపించడానికి ఎవరెవరిని పంపానో దేవుడు గుర్తు చేస్తాడు. మోషే, అహరోను, వాళ్ళతో పాటు మిర్యాము. ముగ్గురి పేర్లూ చెప్పాడు. అక్క పేరు వదల్లేదు. న్యాయం చేయమని అడగడానికి ముందు దేవుడు, మీ కోసం కష్టపడినవాళ్ళను పేర్లతో గుర్తు పెట్టుకోండి అంటున్నాడని నాకు అర్థమైంది.

మన ఊరి సంగతే చూడండి. ఈ పేటకు ఒక ఆంగ్లేయుడి పేరుంది. లండన్ మిషనరీ సొసైటీ తరఫున జాన్ హాండ్స్ 1810లో బళ్ళారి వచ్చాడని, బైబిలును కన్నడంలోకి తేవడానికి పాటుపడ్డాడని వార్షికోత్సవాల్లో చెప్పుకుంటాం. చెప్పుకోవాల్సిందే, బడి అనేది ఎన్నడూ చూడని ఇళ్ళకు ఆ మిషన్ల వల్ల అక్షరం వచ్చింది. కానీ ఆయనకు ఇక్కడి మాట నేర్పినవాళ్ళు, వండిపెట్టినవాళ్ళు, గుడి గోడకు రాయి మోసినవాళ్ళు మన నోట రారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు పోయాయి, బళ్ళారి మైసూరులో కలిసింది. అప్పటి నుంచి మన పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం మాట్లాడుతూ పెరుగుతున్నారు. ఆ నాయకుల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. ఈ రెండు భాషల మధ్య పిల్లల్ని పెంచిన అమ్మల, అక్కల పేర్లు ఎక్కడా లేవు.

మరి ముందుకు ఏం చేద్దాం? అక్కకు బాకీ తీర్చేస్తానని మొదట అనుకున్నాను. ఆ మాట అంటే అక్కకు కోపం వచ్చింది. 'నేనేమన్నా వడ్డీకి ఇచ్చానా?' అంది. ఆమె చెప్పింది నిజం. ప్రేమను అప్పుగా మారిస్తే ఆమెను అవమానించినట్టే. కానీ ప్రేమ పేరు చెప్పి ఏమీ చేయకుండా ఉంటే అదింకా పెద్ద అవమానం. అందుకే మూడు పనులు అనుకున్నాం. నేను అనుకోలేదు, ఇద్దరం కూర్చుని అనుకున్నాం.

ఒకటి. అక్క ప్రైవేటు అభ్యర్థిగా ఎస్సెస్సెల్సీ పరీక్ష రాస్తుంది. కన్నడం, సోషల్ నేను చెప్తాను. లెక్కలు చెప్పే పని నాకు లేదు. ఆమె చదువుకునే గంటల్లో ఇంటి పని నాయన చూసుకుంటానన్నాడు. ఆ మాట వినగానే అమ్మ నవ్వింది. కానీ మూడు రోజుల నుంచి అంట్లు ఆయనే తోముతున్నాడు.

రెండు. మన సంఘంలోనే మిషను కుట్టే తల్లులు, అక్కలు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. ఎన్ని ముక్కలు కుట్టారో, ఎంత వచ్చిందో, దారానికీ కరెంటుకూ ఎంత పోయిందో రాసుకునేవాళ్ళు తక్కువ. ముక్క లెక్కన చేసే పనికీ కనీస కూలి నిర్ణయించవచ్చని 1948 నాటి కనీస వేతనాల చట్టంలోనే ఉండేది. లెక్క రాయనిదే ఆ కూలి అడగలేం. ఆదివారం ఆరాధన అయ్యాక ఒక గంట అక్క అందరికీ లెక్క పుస్తకం రాయడం నేర్పుతుంది. అసంఘటిత కార్మికుల కోసం 2021 ఆగస్టులో ఈ-శ్రమ్ నమోదు మొదలైంది. ఫోను వాడటం వచ్చిన యవ్వనస్థులు ఆ గంటలోనే మన వాళ్ళ పేర్లు నమోదు చేయించాలి. పనివాడి కూలి పొద్దు గుంకేలోపు ఇవ్వమని ద్వితీయోపదేశకాండము చెప్తుంది. బిగబట్టిన కూలి మొరపెడుతుందని యాకోబు పత్రిక చెప్తుంది. ఆ మొర మన ఇళ్ళలోంచే వస్తుంటే మనం వినకపోతే ఎలా?

మూడోది నాది. లా చదవాలని ఎందుకు అనుకున్నావని అందరూ అడుగుతున్నారు. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలందరికీ ఉచిత విద్య హక్కని చెప్పే చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అక్క బడి మానింది 2011లో. చట్టం ఉంది, వయసు ఉంది, మా గుమ్మం దాకా వచ్చి అడిగినవాళ్ళు మాత్రం లేరు. 1986 నాటి బాల కార్మిక చట్టం ఇంటివాళ్ళు కలిసి చేసుకునే పనిని వదిలేసింది. 2016లో సవరించినప్పుడు కూడా, బడి అయ్యాక ఇంటి పనిలో సాయం చేయవచ్చని దారి వదిలారు. ఆ దారిలోనే ఎందరో ఆడపిల్లలు బడి నుంచి మిషను దగ్గరికి నడిచిపోతున్నారు. ఆ పిల్లల తరఫున మాట్లాడటం నేర్చుకోవాలని వెళ్తున్నాను.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, మిమ్మల్ని ఒక్కటే అడుగుతున్నాను. ఈ రాత్రి ఇంటికి వెళ్ళాక, మీ చదువు కోసం ఇంట్లో ఎవరు ఏం మానుకున్నారో అడగండి. జవాబు వినడానికి కష్టంగా ఉంటుంది. 'ఇప్పుడు అడుగుతున్నావా' అని అంటారేమో. అన్నా సరే, అడగండి.

అక్కా, నువ్వు వెనక వరుసలో, స్తంభం పక్కన కూర్చున్నావు. నాకు కనిపిస్తున్నావు. పదకొండేళ్ళు ఆలస్యమైంది. నా చదువులో సగం నీదే. నీకు వందనాలు.

మనల్ని పేరుపెట్టి పిలిచే దేవునికి స్తోత్రం. ఆమేన్.