ఇనుములోని నెర్రె

(ఉగాది సభలో చేసిన ప్రసంగము)



ఇంతకుముందే పంతులుగారు పంచాంగ శ్రవణం చేసి, ఏ రాశివారికి ఎంత ఆదాయమో, ఎంత వ్యయమో వినిపించారు. ఇనుముకు రాశి లేదు. అయినా దానికి రాబోయే కీడును ముందుగా కనిపెట్టే ఉపాయం ఒకటి ఉన్నది. దానిని గురించి నాలుగు మాటలు మనవి చేస్తాము. మేము ఇంజనీర్లము కాము. మెట్రిక్ చదివి రైల్వేలో కాగితాలు చూసుకునే గుమాస్తాలము. తప్పులుంటే మన్నించండి.

సంతలో కుండ కొనే ఇల్లాలు వేలితో కొట్టి చూస్తుంది. ఖంగుమంటే మంచిది, లేకుంటే బీటవారినది. రైలుబండి చక్రాలను సుత్తితో కొట్టి చూడటం కూడా అదే విద్య. కాని వెంట్రుకవాసి నెర్రె ఈ పరీక్షకు దొరకదు.

మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రం విద్యుత్తును పుట్టిస్తుందని 1831లో ఇంగ్లండులో మైకేల్ ఫారడే కనుగొన్నాడు. నేటి పరికరానికి అదే మూలం. చిన్న తీగచుట్టలో అటూ ఇటూ మారే విద్యుత్తును పంపి పట్టాకు దగ్గరగా ఉంచుతారు. పట్టా పైపొరలో సుడులు తిరిగే విద్యుత్తు పుడుతుంది. నెర్రె ఉంటే, కాలువలో బండరాయి అడ్డుపడినట్లు, ఆ సుడి చుట్టు తిరిగి పోవలసి వస్తుంది. ఆ తేడా తీగచుట్టకు తెలుస్తుంది. నెర్రె ఉన్నదని కన్ను చెప్పవచ్చు గాని, ఎంత లోతో చెప్పలేదు. పరికరం కొంతవరకు అంచనా ఇస్తుంది. బాగా లోపల దాగిన పగుళ్ళు మాత్రం దీనికి అందవు. వాటికి చెవికి వినబడని ధ్వనితో చేసే పరీక్ష వేరే ఉన్నది.

2000 అక్టోబరు 17న లండను నుండి లీడ్సుకు గంటకు సుమారు 185 కిలోమీటర్ల వేగంతో పోతున్న బండి హాట్‌ఫీల్డు దగ్గర పట్టాలు తప్పింది. నలుగురు మరణించారు. 70 మందికి పైగా గాయపడ్డారు. చక్రాల ఒత్తిడికి పట్టా అంచున పుట్టిన నెర్రెలు లోనికి పాకి, పట్టా 300కు పైగా ముక్కలైంది. ఆ నెర్రెల సంగతి ముందే తెలుసు. కొత్త పట్టా తెచ్చి ప్రక్కనే ఉంచి నెలలు గడిచాయి. బిగించలేదు, బండ్ల వేగమూ తగ్గించలేదు.

ఇది చదివినప్పుడు మాకు మా బల్ల గుర్తుకు వచ్చింది. సాయంత్రం వచ్చిన కాగితాన్ని రేపటికి నెట్టిన రోజులు మాకు లేవని చెప్పలేము. ఆ కాగితంలో ఏ నెర్రె ఉన్నదో ఎవరికి తెలుసు?

ఈ వేసవిలో మనలో చాలామంది పిల్లలతో స్వగ్రామాలకు ప్రయాణమవుతాము. రాత్రివేళ బెర్తుమీద నిద్రించే ఆ పసివాళ్ళను మోసేది పట్టా ఒక్కటే కాదు; దానిని చూచినవాడు, వ్రాసినవాడు, వెంటనే కదిలినవాడు కూడా. పంతులుగారు కీడు చెబితే శాంతి చేయించుకుంటాము. పరికరం కీడు చెప్పినప్పుడు చేయవలసిన శాంతి పట్టా మార్చడమే.