బొగ్గు బావులు - బృందగానము



సింగరేణిలో బొగ్గు త్రవ్వకము ఇల్లెందు ప్రాంతమున 1889లో ఆరంభమైనది. ఆ నూరేండ్ల జ్ఞాపకమే మన సెంటినరీ కాలనీ పేరులో నిలిచినది. నేడు నూరేండ్ల పండుగ సంచికలో మన పాటను గూర్చి నాలుగు మాటలు చెప్పుకొనుట సంతోషము.

బొగ్గుకును పాటకును ఏమి సంబంధమని కొందరడుగుదురు. వేల్స్ దేశమును చూడుడి. రోండా లోయలోని గని కార్మికులు పగలు భూగర్భములో పనిచేసి, సాయంత్రము ప్రార్థనాలయములో కూడి నాలుగు స్వరముల పాట నేర్చుకొనిరి. గీతలపై వ్రాసిన సంగీతము చదువలేని వారికి టానిక్ సోల్‌ఫా అను అక్షరముల పద్ధతి దారి చూపెను. అది మన సరిగమల వంటిదే. 1872లోను, 1873లోను లండను క్రిస్టల్ ప్యాలెస్ పోటీలలో దక్షిణ వేల్స్ బృందమును గెలిపించిన కారడాగ్ వృత్తిరీత్యా కమ్మరి. అచ్చటి పెద్ద గనులు మూతపడినను ట్రియోర్కీ పురుషుల బృందము నేటికిని పాడుచున్నది.

మన సొత్తు వేరు. పురుషోత్తమ చౌదరి గారు (1803-1890) మొదలగువారు రాగతాళములతో కీర్తనలు కట్టి మనకిచ్చిరి. ఒక క్రిస్మసునకు మేము అట్టి కీర్తనకు నాలుగు స్వరములు కట్టబోయి భంగపడితిమి. రాగములోని గమకము కాస్తా మాయమైనది. అప్పటినుండి కీర్తనను హార్మోనియం, తబలాలతో ఏకకంఠముగాను, ఇంగ్లీషు బాణీలను నాలుగు స్వరములుగాను పాడుచున్నాము. రెండును మనవే.

అయితే మా కష్టమొకటి దాచకుండ చెప్పెదము. సాధనకు అందరు కూడిన దినము అరుదు. ఒకరు ఫస్ట్ షిఫ్టు, ఒకరు సెకండ్ షిఫ్టు, నైట్ షిఫ్టు వారు కునుకుపాట్లు. ఆదివారము ప్లేడే మస్టరు దొరికినచో ఇంటి ఖర్చులు చూచుకొనవలెను గదా! వారిని మేము తప్పుపట్టము. మొన్న మా పెద్ద బేస్ గాయకులు రిటైరై, క్వార్టరు అప్పగించి స్వగ్రామమునకు వెళ్ళిరి. మరుసటి ఆదివారము పాట నిలువలేదు గాని, దాని అడుగు కదలినట్లాయెను. పిల్లలు చదువులకు, ఉద్యోగములకు హైదరాబాదు పోవుచున్నారు. ఇట్లే ఒక్కొక్కరు వెళ్ళినచో పదేండ్లకు ఎవరు పాడుదురు?

కనుక మేము నిశ్చయించుకొన్నది ఇది. సాధన వారమునకు రెండుమార్లు, ఒకటి ఉదయము, ఒకటి సాయంత్రము. ఏ షిఫ్టువారైనను ఒకదానికి రావచ్చును. రాలేనివారికి వారి స్వరమును ఫోనులో పాడి పంపెదము. రిటైరు కాబోవు ప్రతి గాయకుడును తన స్వరమును ఇద్దరు పిల్లలకు నేర్పి మరీ వెళ్ళవలెను.

తల్లిదండ్రులారా, మీ పిల్లలను పంపుడి. కంఠము బాగులేదని వెనుకాడవద్దు. గనిలో వలెనే పాటలోను ప్రక్కవాని అలికిడి వినుటయే మొదటి పాఠము. మిగిలినది మేము నేర్పెదము.

దేవునికే మహిమ కలుగును గాక.