ఉరికంబము చుట్టు మొలచిన మాటలు

ఓడరేవులలో బరువుల నెత్తు యంత్రమునకు 'డెర్రిక్' అని పేరు. నూనెబావులమీద నిలుపు ఇనుపగోపురమునకును అదియే పేరు. గోదావరి ప్రాంతమున సహజవాయువునకై త్రవ్వుచోట్ల దానిని మనలో పలువురు చూచియుందురు. ఈ పేరు 1600 ప్రాంతమున లండను నగరమున నుండిన యొక తలారిది. మొదట అది ఉరికంబమునకు వచ్చినది; పిదప ఆ కంబమును పోలిన యంత్రమునకు సంక్రమించినది.

ఆ కాలమున లండనులో ఉరితీయు స్థలము టైబర్న్. 1571లో అచ్చట మూడుకాళ్ళ కంబమును నిలిపిరి. జనులు దానిని 'టైబర్న్ చెట్టు' అనిరి. న్యూగేటు చెరసాలనుండి దోషులను బండ్లపై నెక్కించి అచ్చటికి కొనిపోవుచుండిరి. దారి పొడవున జనము క్రిక్కిరిసి యుండెడిది. పాడింగ్టన్ గ్రామము సమీపమున నుండుటచే ఆ దినమునకు 'పాడింగ్టన్ తిరునాళ్ళు' అని పేరు పెట్టిరి.

తలారులలో మిక్కిలి పేరుమోసినవాడు జాక్ కెచ్. 1685లో మాన్మత్ ప్రభువు తల తీయుటకు అతనికి పెక్కు వ్రేటులు పట్టినవి. మరుసటి సంవత్సరమే అతడు మరణించెను. కాని ఆ తరువాత వచ్చిన తలారులనందరిని జనులు జాక్ కెచ్ అనియే పిలిచిరి. పిల్లల బొమ్మలాటలోని తలారికిని అదే పేరు.

1785లో ఫ్రాన్సిస్ గ్రోస్ అను నతడు వీధిజనుల పలుకుబళ్ళతో నొక నిఘంటువు కూర్చెను. అందు ఉరితీతకు 'షెరీఫుగారి నాట్యోత్సవము' అని పేరు. ఉరిపడినవాడు 'నారజ్వరము'తో పోయినాడట! అతని భార్య 'నారవిధవ' యట!

ఇంత క్రూరమైన పరిహాసమేల? ఆ శతాబ్ది చివరకు ఇంగ్లండున మరణశిక్షకు తగిన నేరములు 200కు పైబడినవి. అంగడిలో 5 షిల్లింగుల సరకు రహస్యముగా తీసినను చట్టము ఉరియే విధించెను. శిక్ష తగ్గి ద్వీపాంతరము పోయినవారు పలువురున్నను, పేదవాని మెడకు త్రాటిభయము తప్పలేదు. చూచి నవ్వినవాడు రేపు తానే ఆ బండి నెక్కవచ్చును. భయమును దాచుకొనుటకే ఆ నవ్వు.

1783లో టైబర్న్ ఉరితీతలు నిలిచినవి. 1868లో బ్రిటనున బహిరంగముగ ఉరితీయుట మానిరి. 1965లో హత్యకు ఉరిశిక్షయే ఆగినది. తలారి పేరు మాత్రము యంత్రమునకు మిగిలినది. నారవిధవ పేరేమో, ఆమె పిల్లల నెట్లు పోషించుకొనెనో, ఏ నిఘంటువును చెప్పదు.