పెర్ల్‌లో పేర్లు తెగకుండా

ఉగాది దగ్గర పడిందంటే తెలుగు సంఘాల్లో సభ్యుల జాబితా, చందాల లెక్క అచ్చుకు సిద్ధం చేసే పని ఎవరో ఒకరి మీద పడుతుంది. అందుకు ఇప్పటికీ పనికొచ్చే పాత పద్ధతి ఒకటి చెప్పుకుందాం.

1987లో లారీ వాల్ విడుదల చేసిన పెర్ల్ భాషలో 'ఫార్మాట్' అనే సదుపాయం ఉంది. కాగితం మీద వరుస ఎలా కనబడాలో, ప్రోగ్రాంలో అలాగే బొమ్మ గీసినట్టు రాస్తాం. ఒక్కో గడి 'ఎట్' గుర్తుతో మొదలవుతుంది. పక్కన 'లెస్ దేన్' గుర్తులు పెడితే మాట ఎడమకు, 'గ్రేటర్ దేన్' పెడితే కుడికి సర్దుకుంటుంది. 'హాష్' గుర్తులు అంకెలకు. ఆపైన 'రైట్' అన్న ఒక్క ఆజ్ఞతో ఒక్కో సభ్యుడి వివరం అచ్చవుతుంది.

పేజీల సంగతీ అదే చూసుకుంటుంది. మనం మార్చకపోతే పేజీకి 60 వరుసలు. మిగిలిన చోటు చాలకపోతే కొత్త పేజీ మొదలుపెట్టి, మీరు రాసిన శీర్షికను మళ్ళీ వేస్తుంది. పేజీ అడుగున వేసే మొత్తం మాత్రం మనమే చూసుకోవాలి.

ఇక అసలు జాగ్రత్త. వెంకటసుబ్రహ్మణ్యం అన్న పేరుకు ఇంగ్లీషులో 19 అక్షరాలు. గడి 15 అక్షరాలదైతే చివరి 4 చప్పుడు లేకుండా పోతాయి. ఆయన కాస్తా వెంకటసుబ్రహ్మ గారవుతారు! అంకె పట్టకపోతే గడి నిండా హాష్ గుర్తులు వచ్చి తప్పు బయటపడుతుంది. పేరుకు ఆ హెచ్చరిక లేదు. చందా ఇచ్చిన పెద్దాయన కాగితంలో ముందు వెతుక్కునేది తన పేరునే కదా.

దీనికి మందు ఉంది. 'ఎట్' బదులు 'కేరెట్' గుర్తు వాడి, కింద రెండు 'టిల్డ' గుర్తులతో ఇంకో వరుస రాస్తే, మిగిలిన అక్షరాలు కిందికి దిగుతాయి. కేరెట్ తను అచ్చువేసినంత మేరా పేరును తినేస్తుంది. కనుక అసలు పేరు కాక దాని నకలు ఇవ్వండి.

తెలుగు లిపిలో వేస్తే ఇంకో చిక్కు. 'శ్రీ' మన కంటికి ఒక్క అక్షరం. యూనికోడ్‌లో శ, పొల్లు, ర, గుడిదీర్ఘం కలిపి 4. పెర్ల్ 4 గడులు లెక్కపెడుతుంది, నిలువు వరుసలు వంకర పోతాయి. తెలుగు జాబితాకు హెచ్‌టీఎంఎల్ పట్టికే మేలు.

ఏది వాడినా, ముందు మీ జాబితాలో అన్నిటికన్నా పొడవైన పేరు వెతికి, దాన్నిబట్టి గడి వెడల్పు పెట్టండి. ఇక సెలవు.