సర్కారు దవాఖాన ఉత్తగ నడవదు

(వయోజన విద్యా కేంద్రంలో మహిళలకు చదివి వినిపించే ఉపన్యాసం)



"సర్కారు దవాఖానల ఉత్తగనే చూస్తరు" అని ఊళ్లో అందరూ అంటారు. "ఉత్తగ చూసేకాడ ఏం అడుగుతం? ఇచ్చింది తీసుకొని రావాలె" అని కూడా అంటారు. ఈ మాట సరి కాదు. దవాఖాన ఉత్తగ నడవదు. డాక్టరుకు జీతం కావాలి. మందులకు, సూదులకు, కరెంటుకు పైసలు కావాలి. ఆ పైసలు ఎవరివి?

మీవే.

మీరు దుకాణంలో సబ్బు కొంటారు. ఆ ధరలో పన్ను ఉంది. తలనూనెలో ఉంది. చాయపత్తిలో ఉంది. కాళ్ల చెప్పుల్లో ఉంది. 2017 జూలై 1 నుంచి ఈ పన్నును జి.ఎస్.టి. అంటున్నారు. డీజిలు మీద వేరే పన్ను ఉంది. అందుకే బస్సు టికెట్టులో, ట్రాక్టరు కిరాయిలో కూడా పన్ను కలిసే ఉంటుంది. ఇక మొగవాళ్లు తాగే సీసా మీద పన్ను మరీ ఎక్కువ. ఆ పైసలు ఇల్లాలి చేతికి రాకముందే సర్కారు ఖజానాకు పోతాయి. సెంటు భూమి లేని కూలితల్లి కూడా రోజూ పన్ను కడుతూనే ఉంది. ఆ పన్నుల సొమ్ముతోనే దవాఖాన నడుస్తుంది.

మరి, ఎవరి రోగానికి వాళ్లే పైసలు పెట్టుకుంటే ఏమవుతుంది?

రోగం చెప్పి రాదు. ఈ ఏడు ఈ ఇంటికి వస్తే, వచ్చే ఏడు ఆ ఇంటికి వస్తుంది. మంచాన పడ్డనాడు కూలి పోతుంది. ఖర్చు ఆనాడే మీద పడుతుంది. చేతిలో పైసలు ఉండవు. షావుకారు దగ్గరికి పోవాలి. నూటికి మూడు రూపాయల మిత్తి అనుకోండి. పలక మీద లెక్క వేయండి. 1,00,000 రూపాయల అప్పుకు నెలకు 3,000 మిత్తి. ఏడాదికి 36,000. అసలు అట్లనే ఉంటుంది. పాలమూరు జనాన్ని బొంబాయికి, హైదరాబాదుకు వలస పంపింది కరువు ఒక్కటే కాదు. ఇట్లాంటి అప్పులు కూడా మనిషిని ఊరు దాటిస్తాయి.

పొదుపు సంఘం సంగతి మీకు తెలుసు. అందరూ పైసలు వేస్తారు. అక్కర పడ్డవాళ్లు వాడుకుంటారు. సర్కారు దవాఖాన కూడా అట్లాంటిదే. బాగున్ననాడు అందరూ పన్ను కడతారు. రోగం వచ్చినవాళ్లకు వైద్యం అందుతుంది. ఒక్కటే తేడా. సంఘంలో తీసుకున్నది తిరిగి కట్టాలి. ఇక్కడ వైద్యం చేయించుకుంటే తిరిగి కట్టే పని లేదు.

కొన్ని పనులు ఒక ఇంటివాళ్లు ఎంత పైసలు పెట్టినా కావు. నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు దిక్కు చూడండి. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరు నీళ్లలో అది 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగరాదు. అది తెలియక తాగినవాళ్లకు పళ్లు పసుపు పచ్చబడ్డాయి. ఎముకలు వంకర పోయాయి. వంగిన ఎముకను ఏ గోలీ సరి చేయదు. మంచి నీళ్లు తాగడమే మందు. కృష్ణా నీళ్లను శుద్ధి చేసి పైపుల్లో ఊరూరికి తేవడం ఒక ఇంటివల్ల అయ్యే పనా? అది సర్కారు సొమ్ముతోనే అయింది.

మశూచి సంగతి పెద్దమనుషులను అడగండి. అది ఊళ్లకు ఊళ్లనే తుడిచిపెట్టేది. 1975 తర్వాత మన దేశంలో అది లేదు. పోలియో చివరి కేసు 2011లో వచ్చింది. 2014లో మన దేశం పోలియో నుంచి బయటపడిందని ప్రకటించారు. ఇంటింటికి తిరిగి టీకాలు వేశారు, చుక్కలు వేశారు. ఒక్క పైసా అడగలేదు. పైసలు ఉన్న పిల్లలకే వేసి ఉంటే ఆ రోగాలు పోయేవా? అంటురోగానికి గడీ ఒకటే, గుడిసె ఒకటే.

1946లో భోర్ కమిటీ ఒక నివేదిక ఇచ్చింది. పైసలు లేవని ఎవరికీ వైద్యం ఆగిపోరాదని అందులో చెప్పింది. బ్రిటన్ దేశంలో 1948 జూలై 5 నుంచి పన్నుల సొమ్ముతో అందరికీ వైద్యం ఇస్తున్నారు. మన దగ్గర 5,000 మందికి ఒక ఆరోగ్య ఉపకేంద్రం ఉండాలని లెక్క. నల్లమల చెంచు పెంటల వంటి అడవి ప్రాంతాల్లో 3,000 మందికే ఒకటి ఉండాలి.

2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైంది. మొదట పెట్టిన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. పెద్ద ఆపరేషన్లకు పేదలకు అది ఆసరా. 2023 డిసెంబరు 9న దాని పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచారు. అయితే బి.పి. గోలీకి, పిల్ల జ్వరానికి, నెలనెలా గర్భిణి పరీక్షకు ఊరి దగ్గరి దవాఖానే దిక్కు. పెద్ద రోగం రాకుండా ఆపేది కూడా అదే.

"అవన్నీ సరే. డాక్టరు ఉండడు. మందులు బయట కొనుక్కోమంటరు. కాన్పు అయినంక ఆయమ్మ పైసలు అడుగుతది" అని మీరు అనవచ్చు. కొన్నిచోట్ల అట్లా జరుగుతోంది. దేశం సంపాదించే ప్రతి 100 రూపాయల్లో రెండున్నర రూపాయలు సర్కార్లు ఆరోగ్యానికి ఖర్చు పెట్టాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం చెప్పింది. 2025 గడువు పెట్టింది. గడువు నాటికి అంత ఖర్చు చేయలేదు. ఖర్చు తగ్గితే మందులు తగ్గుతాయి, మనుషులు తగ్గుతారు. కానీ ఇంటికప్పు కురిస్తే ఇల్లు విడిచి పోతామా? కప్పు బాగు చేసుకుంటాం.

ఎట్లా బాగు చేసుకోవాలి? అడిగి బాగు చేసుకోవాలి. 2011 జూన్ 1 నుంచి సర్కారు దవాఖానలో కాన్పుకు పైసలు లేవు. ఆపరేషను కాన్పుకూ లేవు. మందులు, పరీక్షలు, రక్తం, అక్కడ ఉన్నన్ని రోజులు తిండి, పోను రాను బండి, ఇవన్నీ అందులో ఉన్నాయి. ఇది దానం కాదు, హక్కు. ఎవరైనా పైసలు అడిగితే "రశీదు ఇయ్యి" అనండి. ఒక్కరు అంటే గొంతు చిన్నగ ఉంటది. సంఘమంతా పోయి అంటే పెద్దగ ఉంటది. ఉపకేంద్రం తాళం తీయకపోతే గ్రామసభలో లేచి అడగండి. మండల దవాఖానలో డాక్టరు లేకపోతే జిల్లా అధికారికి అర్జీ రాయండి.

ఇప్పుడు మీకు అక్షరం వచ్చింది. దవాఖానకు పోయినప్పుడు గోడ మీది బోర్డు చదవండి. డాక్టరు ఏ వేళకు రావాలో, ఏ మందులు ఉన్నాయో చూడండి. గోలీల మీద తేదీ చదవండి. అర్జీ కింద వేలిముద్ర వద్దు, సంతకం పెట్టండి.