పులికాట్‌లో సొంత తెరచాప పడవ కొందామా?

తిరుపతి నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టినాడు. "అన్నా, వీడియోల్లో ఇంగ్లాండోళ్లు చిన్న తెరచాప పడవ కొనుక్కొని, దాంట్లోనే వండుకొని, దాంట్లోనే పడుకొని తిరగతా ఉండారు. మనకు పులికాట్ ఉంది కదా, నేనొకటి కొంటే ఎట్లుంటుంది?" అని.

నవ్వద్దండి. ఈ పిచ్చి నాకూ ఉంది.

తడ అంటే మనోళ్లకు ఉబ్బలమడుగు జలపాతం, శ్రీసిటీ ఉద్యోగాలే గుర్తొస్తాయి. ఆ పక్కనే ఉప్పునీటి సరస్సుల్లో దేశంలో చిలికా తర్వాత పెద్దది ఉంది. 2022లో తిరుపతి జిల్లా ఏర్పడినప్పటి నుంచి దాంట్లో ఎక్కువ భాగం మన జిల్లాలోనే ఉంది. ఉత్తరం నుంచి దక్షిణానికి దాదాపు 60 కిలోమీటర్లు. చూస్తే సముద్రమే అనిపిస్తుంది. కానీ సగటు లోతు ఎంతో తెలుసా? సుమారు ఒక మీటరు! చాలా చోట్ల దిగి నడిచిపోవచ్చు.

అందుకే పడవ కొనేవాడు ముందు అడగాల్సింది రేటు కాదు, డ్రాఫ్ట్. అంటే పడవ నీళ్లలో ఎంత లోతు మునుగుతుంది అని. ఇంగ్లాండ్‌లో డ్రాస్కోంబ్ లగ్గర్ అని ఒక పడవ ఉంది, పొడవు సుమారు 5.7 మీటర్లు. నీళ్లలో మునిగేది పాతిక సెంటీమీటర్లే. మధ్యలో ఒక పలక ఉంటుంది, దాన్ని కిందికి దించితే మాత్రం 1.2 మీటర్లకు పోతుంది. ఆ పలక ఎందుకంటే, గాలి పక్క నుంచి కొడితే పడవ ముందుకు పోకుండా పక్కకు జారిపోతుంది. నీళ్లలో నిలువుగా పలక ఉంటే ఆ జారుడు ఆగుతుంది. లోతు తగ్గితే పలక పైకి లాగేస్తారు. ఇంతే టెక్నాలజీ.

ఇంకో తేడా ఉంది. వాళ్లకు పడవ బురదలో కూర్చున్నా భయం లేదు. టీ కాచుకొని కూర్చుంటే ఆరు గంటల్లో పోటు వచ్చి లేపుతుంది. మన దగ్గర పోటు, ఆటు తేడా చిన్నది, అదీ ముఖద్వారాల దగ్గరే బాగా తెలుస్తుంది. ఉత్తరం వైపు ఎండాకాలం ఇరుక్కున్నారనుకోండి, మళ్లీ ఈశాన్య రుతుపవనాలు రావాల్సిందే!

భీములవారిపాళెం రేవులో ఒక పెద్దాయనను అడిగినా. "అన్నా, ఇక్కడ సొంతంగా తెరచాప పడవ పెట్టుకోవచ్చా?"

"పెట్టుకో నాయనా. గెడ వేయడం వచ్చునా నీకు?"

రాదు. ఆయన మళ్లీ వల సర్దుకోవడంలో పడిపోయినాడు.

గెడ అంటే పొడుగాటి కర్ర. నేలకు ఆనించి తోస్తే పడవ కదులుతుంది. గాలి పడిపోతే, లోతు తగ్గితే అదే ఇంజన్. మనం హాబీ అనుకునేది వాళ్లకు బతుకు. ఇరకం దీవి వాళ్లు తడ వైపు రావాలంటే పడవే దిక్కు. సముద్రంలో కలిసే ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతే ఉప్పునీళ్ల రాకపోకలు తగ్గుతాయి, రొయ్యా చేపా లోపలికి రావు. మన పడవ ఆగితే వీకెండ్ పోతుంది, వాళ్లది ఆగితే పూట గడవదు.

గాలి మాత్రం బాగుంటుంది. మామూలుగా పొద్దున నేల మీద నుంచి, మధ్యాహ్నం సముద్రం మీద నుంచి కొడుతుంది. సరస్సు నిలువుగా ఉంది కాబట్టి, పైకి పోయినా కిందికి పోయినా గాలి పక్క నుంచే తగులుతుంది. తెరచాపకు అంతకంటే సుఖమైన గాలి లేదు.

అట్లని చెప్పి ఇష్టమొచ్చినట్టు తిరగడానికి లేదు. ఇది పక్షుల అభయారణ్యం, అటవీ శాఖ అనుమతి కావాలి. ఆ పక్కనే శ్రీహరికోట. ఇంజన్ పెడితే 2021 నాటి ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం కింద రిజిస్ట్రేషన్ కావాలి. మత్స్యకారులకు 'పాడు' అని వంతుల పద్ధతి ఉంది, ఎవరు ఏ చోట ఎప్పుడు వల వేయాలో వాళ్లే పంచుకుంటారు. ఆ వలల మీద మనం పడవ నడిపితే తిట్టరా మరి? తిట్టాల్సిందే.

లైఫ్ జాకెట్ విషయం మాత్రం సీరియస్‌గా చెప్తా ఉండా. 2011 డిసెంబర్ 25న తమిళనాడు వైపు ఇదే పులికాట్‌లో పడవ బోల్తాపడి 22 మంది చనిపోయినారు. పండగ రోజు సరదాగా వచ్చినోళ్లు. లోతు లేదు కదా అని జాకెట్ తీసేయొద్దు. ముఖద్వారం దగ్గర నీళ్ల లాగుడు వేరే.

ఇంతకీ కొనాలా? నా లెక్క ఇది. బయటి దేశం పడవ వద్దు, దాన్ని బాగుచేసేవాడు ఇక్కడ దొరకడు. ముందు హైదరాబాద్ హుస్సేన్‌సాగర్‌లో సెయిలింగ్ నేర్పుతారు, అక్కడ చిన్న డింగీ మీద చేయి తిప్పుకోండి. తర్వాత ఇక్కడి ఫైబర్ పడవ ఒకటి, అడుగు చదునుగా ఉండేది చూసుకొని, పలక, తెరచాప, పైన చిన్న టార్పాలిన్ గూడు పెట్టించుకోండి. ఉప్పుకు తుప్పు పట్టే ఇనుప బోల్టులు వద్దు, స్టెయిన్‌లెస్ స్టీల్ వేయించండి.

నేనింకా కొనలేదు. డిసెంబర్‌లో వానలు పడి సరస్సు నిండినాక మళ్లీ భీములవారిపాళెం పోతా. ఈసారి ఆ పెద్దాయన దగ్గర ముందు గెడ వేయడం నేర్చుకోవాలని ఉంది, ఆయన ఒప్పుకుంటే.