మాగిన అరటిపండు పునుగులు

తొక్క మీద నల్లమచ్చలు పడ్డ అరటిపండ్లే తీపి పునుగులకు శ్రేష్ఠం. పండు మాగేకొద్దీ దానిలోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. అందుకే బెల్లం కొద్దిగా వేసినా చాలు.

రెండు పండ్లను మెత్తగా మెదిపి, పావు కప్పు బెల్లం తురుము, చిటికెడు ఉప్పు కలపండి. అర చెంచా శొంఠిపొడి, నాలుగు యాలకులు, రెండు మిరియాలు దంచి వేయండి. శొంఠి ఘాటు ఉంటే తీపి మొహం మొత్తదు. కప్పు గోధుమపిండి, రెండు చెంచాల బియ్యప్పిండి చేర్చండి. బియ్యప్పిండి వల్ల పైపొర కరకరలాడుతుంది. పండులోని తడే చాలావరకు సరిపోతుంది. పిండి మరీ గట్టిగా ఉంటేనే కాసిని పాలు చిలకరించండి. పది నిమిషాలు నాననివ్వండి.

నూనె కాగాక చిన్న పిండిచుక్క వేసి చూడండి. అది నిదానంగా పైకి తేలాలి. వేయగానే నల్లబడితే మంట తగ్గించండి. తీపి పిండి పైన త్వరగా మాడి, లోపల పచ్చిగా ఉండిపోతుంది. అందుకే ఉసిరికాయంత పునుగులు, కొన్ని కొన్నిగా, మధ్యస్థమైన మంట మీద వేయించాలి.

కేరళవారి పళంపొరి దారి వేరు. నేంద్రం అరటిపండును పొడుగ్గా కోసి, జారుగా కలిపిన మైదాపిండిలో ముంచి వేయిస్తారు. దానికి పండు కాస్త గట్టిగానే ఉండాలి.

ఈసారి ఇంట్లో అరటిపండ్లు మెత్తబడితే పారేయకండి. సాయంత్రం పిల్లలకు వేడివేడిగా ఈ పునుగులు వేసి పెట్టండి.